ఆడదోమ, మగదోమ ప్రోటీన్ల తేడా: జెల్ మీద వచ్చిన బ్యాండు నిజంగా దోమదేనా?

ఎమ్మెస్సీ_గుంటూరు · సోమవారం, రాత్రి 9:15

అందరికీ నమస్కారం. గుంటూరులో ఎమ్మెస్సీ జువాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. మా మేడమ్ ఇచ్చిన ప్రాజెక్టు, రోగాలు మోసే దోమల్లో ఆడ, మగ మధ్య ప్రోటీన్ల తేడా. మా ల్యాబ్‌లో జెల్ ఎలక్ట్రోఫోరెసిస్ (ప్రోటీన్లని బరువు ప్రకారం జెల్ మీద చారలుగా, అంటే బ్యాండ్లుగా వేరు చేయడం) దాకా చేసుకోవచ్చు. అంతకు మించి పెద్ద యంత్రాలేవీ లేవు.

పోయిన వారం బ్రాడీపేటలో మా రూమ్‌లోనే దోమలు పట్టాను. తెల్లవారుజామున గోడ మీద వాలి ఉన్నవాటిని టెస్ట్‌ట్యూబ్‌తో మూసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఆడవి నలభై, మగవి పదకొండు దొరికాయి. దోమను మొత్తంగా నూరి 12 శాతం జెల్ మీద నడిపాను. ఆడదోమల లేన్‌లో కింద 15 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర బాగా లావుపాటి బ్యాండు, పైన 66 దగ్గర ఇంకొకటి. మగవాటి లేన్‌లో ఈ రెండూ లేవు. తేడా దొరికేసిందని ఎగిరి గంతేశాను.

మేడమ్ జెల్‌ని వెలుతురుకి పట్టి చూసి, "ఇది దోమ ప్రోటీనేనా?" అని ఒక్క మాట అడిగి వెళ్లిపోయారు. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. చేతిలో ఐదు వారాలే ఉన్నాయి. ఎవరైనా దారి చెప్పండి.

జెల్‌బాక్స్ · సోమవారం, రాత్రి 10:02

పట్టిన ఆడదోమల పొట్టలు ఎర్రగా ఉన్నాయా?

ఎమ్మెస్సీ_గుంటూరు · సోమవారం, రాత్రి 10:06

సగానికి పైగా ఎర్రగానే ఉన్నాయండి. కొన్నింటిది నల్లగా కూడా ఉంది.

జెల్‌బాక్స్ · సోమవారం, రాత్రి 10:31

అయితే మీ మేడమ్ సరిగ్గానే అడిగారు. 15 దగ్గర వచ్చినవి హిమోగ్లోబిన్ గొలుసులు. 66 దగ్గర ఉన్నది చాలావరకు సీరమ్ ఆల్బుమిన్. రెండూ దోమవి కావు, అది తాగిన రక్తానివి. ఆడదోమ ఒక్కసారి కడుపు నిండా తాగితే తన బరువుకి సమానంగా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువగా రక్తం లోపలికి వెళుతుంది. దాన్ని నూరితే జెల్ మీద సగం మనిషే కనిపిస్తాడు.

ఆ 66 దగ్గర ఇంకో చిక్కు ఉంది. రక్తం తాగిన ఆడదోమ ఒంట్లో గుడ్ల సొన కోసం విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. అది రెండు ముక్కలుగా ఉంటుంది, పెద్దది సుమారు 200 కిలోడాల్టన్లు, చిన్నది 66. ఇక డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై దోమ లాలాజలంలోని ఏపిరేజ్ అనే ఎంజైము 68 దగ్గర. అంటే మనిషి ఆల్బుమిన్, గుడ్డు సొన, దోమ ఉమ్మి మూడూ ఒకే చోట వచ్చి కూర్చుంటాయి. బ్యాండు ఎత్తు చూసి పేరు పెట్టేస్తే వైవాలో నిలబడదు.

కాబట్టి మొత్తం దోమను నూరకండి. రక్తం తాగనివాటిని తీసుకుని, లాలాజల గ్రంథులు విడిగా తీసి చూడండి. ఆడ, మగ తేడా అక్కడే బాగా బయటపడుతుంది.

పాత_ఇన్‌సెక్ట్_కలెక్టర్ · మంగళవారం, ఉదయం 6:20

అమ్మా, నేను మలేరియా విభాగంలో ఇన్‌సెక్ట్ కలెక్టర్‌గా (దోమలు పట్టి గుర్తించే పని) పనిచేసి రిటైరయ్యాను. ఉండేది కృష్ణలంక. ప్రోటీన్ల సంగతి పైన చెప్పినవారికి తెలుసు. దోమ సంగతి నేను చెబుతాను.

మీ రూమ్ గోడ మీద తెల్లవారుజామున దొరికినవి ఇంచుమించు అన్నీ క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్ అయి ఉంటాయి. మురుగు కాలువలో పెరిగి రాత్రిపూట కుడుతుంది. బోదకాలు మోసేది ఇదే. డెంగీ, చికున్‌గున్యా మోసే ఏడిస్ ఈజిప్టై పగటిపూట కుడుతుంది, ఇంట్లో నిల్వ ఉన్న మంచినీళ్లలో పెరుగుతుంది. కాళ్ల మీద తెల్ల చారలు, వీపు మీద వీణ ఆకారంలో తెల్ల గీతలు ఉంటాయి. మలేరియా మోసే అనాఫిలిస్ గోడ మీద వాలితే తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. పట్నంలో అయితే స్టీఫెన్సీ, ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో పెరుగుతుంది. పల్లెల్లో క్యూలిసిఫేసీస్. మెదడువాపు మోసేది వరిచేల నీళ్లలో పెరిగే మరో రకం క్యూలెక్స్. మీ నలభైలో ఇవి కలిసిపోతే ఆడ, మగ తేడా కాదు, జాతుల తేడా వస్తుంది.

ఆడ, మగ పోల్చుకోవడానికి పది రెట్లు పెద్దది చేసే భూతద్దం చాలు. మగదాని మీసాలు గుబురుగా నెమలీకలా ఉంటాయి. ఆడదానివి సన్నగా, అక్కడక్కడా వెంట్రుకలతో ఉంటాయి. ఏడిస్‌లో తొండం పక్కన ఉండే స్పర్శాంగాలు ఆడదానికి పొట్టిగా, మగదానికి తొండమంత పొడుగ్గా ఉంటాయి. అనాఫిలిస్‌లో రెండింటికీ పొడుగే, కానీ మగదాని కొసలు గరిటెలా ఉబ్బుతాయి. మొదటి వంద దోమలు చూసేసరికి మీకు భూతద్దం కూడా అక్కర్లేకుండా పోతుంది.

గోడ మీద పట్టిన దోమ వయసు ఎవరికీ తెలియదు, అది ఏం తాగిందో తెలియదు. నీళ్లలో ఉన్న పురుగుల్ని తెచ్చి మీరే పెంచండి.

జెల్‌బాక్స్ · మంగళవారం, ఉదయం 8:45

సర్ చెప్పినది నూటికి నూరుపాళ్లు నిజం. దానికి ఒకటి కలుపుతాను. ప్యూపాలను (పురుగు దశ దాటి దోమగా మారబోయేవి) ఒక్కోదాన్ని ఒక్కో ట్యూబులో వేసి దూదితో మూయండి. ఎందుకంటే జతకట్టిన ఆడదోమ ఒంట్లో మగదోమ ప్రోటీన్లు ఉంటాయి. మగదాని అనుబంధ గ్రంథుల నుంచి వీర్యంతో పాటు బోలెడన్ని ప్రోటీన్లు ఆడదానిలోకి వెళతాయి. వాటి ప్రభావంతోనే అది సాధారణంగా మళ్లీ ఇంకో మగదాన్ని దగ్గరికి రానివ్వదు. ఒకసారి నిల్వ చేసుకున్న వీర్యకణాలతోనే జీవితమంతా గుడ్లు పెడుతుంది. కాబట్టి కలిపి పెంచి, ఆడదోమను మొత్తంగా నూరి జెల్ వేస్తే అందులో మగదాని వాటా కూడా ఉంటుంది.

మగదోమ పుట్టీ పుట్టగానే జతకట్టలేదు. దాని జననాంగం 180 డిగ్రీలు తిరగాలి, అందుకు దాదాపు ఒక రోజు పడుతుంది. ట్యూబులు అన్నిటికీ సరిపోకపోతే ఆ మొదటి రోజులోనే వేరు చేసేయండి.

పుట్టిన రోజే గ్రంథులు తీయకండి. ఆడదాని గ్రంథిలో ప్రోటీన్లు నిండటానికి కొన్ని రోజులు పడుతుంది. 10 శాతం పంచదార నీళ్లలో ముంచిన దూది పెట్టి నాలుగైదు రోజులు ఉంచండి. ఆడా మగా రెండింటికీ అదే తిండి.

ఎమ్మెస్సీ_గుంటూరు · మంగళవారం, మధ్యాహ్నం 1:10

చాలా థాంక్స్ అండీ. ఒక ప్రాథమిక ప్రశ్న. ఆ గ్రంథుల్లో అసలు ఏ ప్రోటీన్లు తేడాగా ఉంటాయి? పుస్తకంలో ఆడదోమకి గుడ్ల కోసం రక్తం కావాలి అని ఒక్క లైన్ ఉంది.

జెల్‌బాక్స్ · మంగళవారం, రాత్రి 9:50

ఇది కాస్త తీరిగ్గా రాస్తాను, నాకు ఇష్టమైన విషయం.

దోమ తొండం మనకి ఒక సూదిలా కనిపిస్తుంది. ఆడదాని తొండం ఒరలో నిజానికి ఆరు సన్నని సూదులు ఉంటాయి. ఒకదాంట్లోంచి రక్తం పైకి వెళుతుంది, ఇంకోదాంట్లోంచి ఉమ్మి కిందికి వస్తుంది, మిగతావి చర్మం కోయడానికి. మగదానిలో ఆ కోసే సూదులు సరిగా ఎదగవు. పువ్వులో తేనె తాగడానికి అవసరం లేదు కదా.

ఉమ్మిలో కూడా అదే లెక్క. పంచదారను అరిగించే మాల్టేజ్, అమైలేజ్ లాంటి ఎంజైములు ఆడ, మగ రెండింటిలోనూ ఉంటాయి, ఎందుకంటే ఆడదోమ కూడా తేనె తాగే బతుకుతుంది. రక్తం ఒంటికి కాదు, గుడ్లకి. కానీ మన చర్మంలోకి సూది దించగానే మన ఒళ్లు ఊరుకోదు. తెగిన కణాల్లోంచి ఏడీపీ అనే రసాయనం బయటికి వస్తుంది, అది ప్లేట్‌లెట్లకి వేసే కేక. ప్లేట్‌లెట్లు గుమిగూడి కన్నం పూడ్చేస్తాయి. రక్తనాళం ముడుచుకుంటుంది. రక్తం గడ్డకడుతుంది. ఈ మూడింటికీ ఆడదోమ దగ్గర మందు ఉంది. ఏపిరేజ్ ఆ ఏడీపీని విరగ్గొట్టేస్తుంది, కేక వినపడదు. ఏడిస్‌లో ఏజిప్టిన్ అనే ప్రోటీన్ కొలాజెన్‌ని కప్పేస్తుంది, ప్లేట్‌లెట్లకి పట్టు దొరకదు. సయలోకైనిన్ అనే చిన్న పెప్టైడు రక్తనాళాన్ని వెడల్పు చేస్తుంది. అనాఫిలిస్‌లో అనాఫెలిన్ అనేది గడ్డకట్టించే థ్రాంబిన్‌నే పట్టేసుకుంటుంది. ఇక డీ7 అనే కుటుంబం ఉంది. ఇవి స్పాంజిలా పనిచేస్తాయి, మన ఒళ్లు వదిలే సెరటోనిన్, హిస్టమిన్ లాంటివాటిని పీల్చేసుకుంటాయి. ఏడిస్ ఈజిప్టైలో 37 కిలోడాల్టన్ల డీ7 ఆడదాని గ్రంథిలో దండిగా ఉంటుంది, మగదానిలో కనిపించదు.

ఆడదాని గ్రంథికి మూడు లంబికలు, అంటే వేళ్లలాంటి పాయలు. ఏడిస్‌లో పక్క లంబికల మొదటి భాగం పంచదార ఎంజైములు చేస్తుంది. చివరి భాగం, నడిమి లంబిక రక్తం పనికి వచ్చేవి చేస్తాయి. మగదాని గ్రంథి చాలా చిన్నది, దానిలో ఆ పంచదార పనే ఉంటుంది.

సింగ్‌నగర్_అమ్మ · బుధవారం, ఉదయం 11:30

నేను సైన్సు చదువుకోలేదు, బీకాం. కానీ ప్లేట్‌లెట్లు అని చూసి ఆగిపోయాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మా వీధిలో నడుం లోతు నీళ్లు. ఆ నీళ్లు తీశాక తర్వాతి నెలలో మా బాబుకి డెంగీ. రోజూ పొద్దున్నే రక్తం తీయడం, కౌంటు ఎంత అని నర్సమ్మ మొహం వంక చూడడం, ఆ పది రోజులూ నేను మర్చిపోలేను. ఇప్పుడు దేవుడి దయవల్ల బాగున్నాడు. దోమ ఉమ్మిలో ప్లేట్‌లెట్లని ఆపే ప్రోటీన్ ఉందంటున్నారు. మరి కౌంటు పడిపోయేది దాని వల్లేనా?

జెల్‌బాక్స్ · బుధవారం, మధ్యాహ్నం 12:15

కాదండీ. ఇది చాలామందికి వచ్చే అనుమానం, మంచి ప్రశ్న అడిగారు. ఏపిరేజ్ ప్లేట్‌లెట్లని చంపదు, వాటి సంఖ్య తగ్గించదు. కుట్టిన చోట, ఆ ఒకటి రెండు నిమిషాలు, అవి గుమిగూడకుండా ఆపుతుంది అంతే. దోమ వదిలే ఉమ్మి ఎంత చిన్న చుక్కో మీరే ఊహించండి. డెంగీలో కౌంటు పడేది వైరస్ వల్ల, దాని మీద మన రోగనిరోధక శక్తి చేసే పోరాటం వల్ల. ఎముక మజ్జలో తయారీ తగ్గుతుంది, ఉన్నవి కూడా త్వరగా నశిస్తాయి.

ఉమ్మికీ రోగానికీ సంబంధం వేరే చోట ఉంది. రోగం ఉన్న మనిషి రక్తంతో వైరస్ దోమ కడుపులోకి వెళ్లి, కడుపు గోడ దాటి, లాలాజల గ్రంథికి చేరడానికి ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. ఆ తర్వాత కుట్టిన ప్రతిసారీ ఉమ్మితో పాటు వైరస్ దిగుతుంది. ఏ గ్రంథి రక్తం తాగడానికి సాయం చేస్తుందో ఆ గ్రంథే రోగానికి బయటి గుమ్మం.

జువాలజీ_మాస్టారు · బుధవారం, సాయంత్రం 5:40

పటమటలో ఇంటర్ పిల్లలకి పాఠం చెబుతాను. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో అనాఫిలిస్ దోమ కడుపు గోడ మీద మలేరియా పరాన్నజీవిని చూశాడని చెబుతాం. పిల్లలు అక్కడితో ఆగిపోతారు. మరుసటి ఏడాది కలకత్తాలో పక్షుల మలేరియా మీద పనిచేస్తూ ఆయన ఆ పరాన్నజీవి లాలాజల గ్రంథుల దాకా వెళ్లడం కనిపెట్టాడు. కుట్టడం వల్లే రోగం వస్తుందని రుజువైంది అప్పుడే. ఈ చర్చ చదివాక ఈసారి క్లాసులో గ్రంథి బొమ్మ కూడా వేయిస్తాను.

ఒక సందేహం. మగదోమ పూర్తిగా నిర్దోషి అని చెప్పవచ్చా?

జెల్‌బాక్స్ · బుధవారం, రాత్రి 8:05

కుట్టదు కాబట్టి మనకి నేరుగా రోగం ఎక్కించలేదు, అది ఖాయం. కానీ డెంగీ వైరస్ తల్లి దోమ నుంచి గుడ్లకి వెళ్లగలదు. అలా పుట్టిన మగదోమలో కూడా వైరస్ ఉండొచ్చు, జతకట్టినప్పుడు ఆడదానికి అంటించనూవచ్చు. ఇది ఎక్కువగా జరిగేది కాదు. పిల్లలకి "మగదోమ కుట్టదు" అని చెప్పండి, "మగదోమలో వైరస్ ఉండదు" అని మాత్రం చెప్పకండి.

సింగ్‌నగర్_అమ్మ · బుధవారం, రాత్రి 9:00

సాయంత్రం కాలువ గట్టు మీద నడుస్తుంటే తల మీద గుంపులు గుంపులుగా తిరుగుతాయి కదా, అవి కూడా మగదోమలేనా? బాబు వాటిని చూస్తే ఇప్పటికీ భయపడి పరిగెడతాడు.

పాత_ఇన్‌సెక్ట్_కలెక్టర్ · గురువారం, ఉదయం 5:55

అమ్మా, కాలువ పక్కన అలా కనిపించే గుంపుల్లో చాలావరకు దోమలే కావు, దోమలా ఉండే కైరోనోమిడ్ అనే పురుగులు. వాటికి కుట్టే నోరే లేదు. వాలినప్పుడు ముందు కాళ్లు పైకెత్తి పెడతాయి, దోమ అయితే వెనక కాళ్లు ఎత్తుతుంది. అసలు దోమలు కూడా సంధ్యవేళ గుంపు కడతాయి, ఆ గుంపులో ఉండేవి మగవే. ఆడదోమ రెక్కల చప్పుడు వినడానికే వాటికి ఆ గుబురు మీసాలు. బాబుకి చెప్పండి, ఆ గుంపు వాడి జోలికి రాదు. వాడికి డెంగీ ఇచ్చిన దోమ ఒంటరిగా, పట్టపగలు, మంచం కింద నుంచి వచ్చి మడమ దగ్గర కుట్టి ఉంటుంది.

పొలం_గట్టు · గురువారం, రాత్రి 10:20

కొత్తగా చేరాను, తాడికొండ దగ్గర మా ఊరు. మగదోమల్ని పెంచి వదులుతారని చదివాను. ఉన్న దోమలు చాలక ఇంకా వదలడమేంటి అని మా నాన్న కోప్పడ్డారు. ఆడ, మగ తేడా పుట్టుకలో ఎక్కడ మొదలవుతుంది? వేలల్లో వేరు చేయడం ఎలా?

జెల్‌బాక్స్ · శుక్రవారం, ఉదయం 9:30

ఏడిస్ ఈజిప్టైలో మగదాన్ని మగదిగా చేసే జన్యువు పేరు నిక్స్. 2015లో బయటపడింది. అది తయారు చేసే ప్రోటీన్ ఉంటే పిండం మగ దారి పడుతుంది, లేకపోతే ఆడ దారి. 2020లో ఆడదోమల్లోకి నిక్స్ ఒక్కదాన్నే చేర్చి చూశారు. అవి సంతానం కలిగించగల మగదోమలైపోయాయి, కానీ ఎగరలేకపోయాయి! మగదోమ ఎగరడానికి మయో-సెక్స్ అనే కండర ప్రోటీన్ కూడా కావాలి, అది నిక్స్ పక్కనే ఉండే వేరే జన్యువుది. ఆడదానికి ఎగిరే కండరంలో తనదంటూ వేరే ఆక్టిన్ (ఇదీ కండర ప్రోటీనే) ఉంది. రెండూ ఒకేలా ఎగురుతున్నట్టు కనిపిస్తాయి, లోపలి కండరం ప్రోటీన్లు మాత్రం అచ్చంగా ఒకటి కావు. ఇది మొదటిసారి చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వేరు చేయడానికి ఎక్కువగా వాడేది ప్యూపా సైజు. ఆడది పెద్దది, మగది చిన్నది. మగవి ముందు పుడతాయి కూడా. సింగపూర్‌లో 2016 నుంచి వొల్బాకియా బ్యాక్టీరియా ఉన్న మగదోమల్ని వదులుతున్నారు. అవి బయటి ఆడదోమలతో జతకడితే ఆ గుడ్లు పొదగవు. ఆడది మళ్లీ ఇంకో మగదాని జోలికి పోదు కాబట్టి దాని గుడ్లన్నీ వృథా. మన దగ్గర పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ కూడా వొల్బాకియా ఉన్న ఏడిస్ దోమల్ని తయారు చేసింది. అక్కడి ఆలోచన మాత్రం వేరు, దోమలో వైరస్ పెరగకుండా చేయడం. మీ నాన్నగారి కోపంలో తప్పు లేదండీ, కానీ వదిలే మగదోమకి కుట్టే సూదులూ లేవు, ఉమ్మిలో ఆ మందులూ లేవు. అది ఆయనకి చెప్పి చూడండి.

ఎమ్మెస్సీ_గుంటూరు · మూడో వారం, ఆదివారం, సాయంత్రం 6:45

ఇన్నాళ్లూ రాయలేదు, క్షమించండి. ఇన్‌సెక్ట్ కలెక్టర్ సర్ సలహాతో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. షెడ్డు వెనక పాత టైర్లలో నీళ్లు, ఒక్క టైరులోనే సీసాకు సరిపడా పురుగులు. షెడ్డు అతను మిగతా నీళ్లన్నీ నా ముందే ఒంపేశాడు. పెద్దయ్యాక చూస్తే కాళ్ల మీద చారలు, వీపు మీద వీణ గీతలు, ఏడిస్ దోమలే.

గ్రంథులు తీయడం మొదటి మూడు రోజులు చేతకాలేదు. స్లయిడు మీద ఉప్పునీటి చుక్కలో దోమను పెట్టి, ఒక సూదితో ఛాతీని నొక్కి, ఇంకో సూదితో తలని మెల్లగా లాగాలి. తొందరపడితే తల ఒక్కటే వస్తుంది. నాలుగో రోజు తలతో పాటు గాజులా మెరిసే మూడు వేళ్లు జారి వచ్చాయి. మేడమ్‌ని పిలిచి చూపించాను. మగదానివైతే ఉన్నాయో లేవో తెలియనంత చిన్నవి.

ఆడవి పాతిక జతలు, మగవి పాతిక జతలు వేశాను. ఆడ లేన్‌లో 68, 37 దగ్గర చక్కని బ్యాండ్లు. మగ లేన్ దాదాపు ఖాళీ. ఈసారి సరిపోతుందా?

జెల్‌బాక్స్ · ఆదివారం, రాత్రి 8:20

చాలా మంచి పని చేశారు. కానీ ఖాళీ లేన్ చూపిస్తే ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న, "లేదా, తక్కువగా ఉందా?" అని. గ్రంథి చిన్నది కాబట్టి పాతిక జతల్లో ప్రోటీనే తక్కువ. అందుకే ఒక జెల్ జతల లెక్కన, ఇంకొకటి సమానమైన మైక్రోగ్రాముల లెక్కన వేయండి. మగవి చాలా ఎక్కువ కావాలి, ఓపిక పట్టాలి.

ఎమ్మెస్సీ_గుంటూరు · నాలుగో వారం, శుక్రవారం, రాత్రి 11:05

నూట నలభై మగదోమలు తీశాను. సమానమైన ప్రోటీన్ వేస్తే 37 మగ లేన్‌లో అసలు లేదు. కానీ 66, 68 మధ్య మగ లేన్‌లో కూడా ఒక సన్నటి బ్యాండు వచ్చింది! మరి ఏపిరేజ్ మగదానిలో కూడా ఉన్నట్టేనా? ఏడుపొక్కటే తక్కువ.

జెల్‌బాక్స్ · శుక్రవారం, రాత్రి 11:30

ఏడవకండి. పంచదార అరిగించే మాల్టేజ్ బరువు కూడా అక్కడే, సుమారు 66. రెండింటిలోనూ ఉండేది అది. అందుకే బరువు చూసి పేరు పెట్టొద్దన్నాను. ఇక బ్యాండుని కాదు, అది చేసే పనిని చూడండి. ఏపిరేజ్ ఏడీపీని విరిస్తే ఫాస్ఫేటు విడుదలవుతుంది. ఫాస్ఫేటుని ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో కొలవండి, ఫాస్ఫేటు ఉంటే నీలం రంగు వస్తుంది. మీ ల్యాబ్‌లో ఆ రసాయనాలు కచ్చితంగా ఉంటాయి.

రెండు జాగ్రత్తలు. గ్రంథుల్ని ఫాస్ఫేట్ బఫర్‌లో తీయొద్దు, అన్నీ నీలం అయిపోతాయి. మామూలు సెలైన్, ట్రిస్ బఫర్ వాడండి, కాల్షియం కలపండి. ఏటీపీ (కణాలకి శక్తినిచ్చే అణువు) ఒక్కటే కాకుండా ఏడీపీతో కూడా చేయండి, ఎందుకంటే ఏటీపీని విరిచే ఎంజైములు ఒంట్లో ఇంకా చాలా ఉంటాయి.

జువాలజీ_మాస్టారు · శనివారం, ఉదయం 7:10

ఫిస్కే-సుబ్బారావు అంటే మన యల్లాప్రగడ సుబ్బారావుగారే అమ్మా. 1895లో భీమవరంలో పుట్టినాయన. 1925లో ఈ ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి వచ్చింది, దానితోనే తర్వాత ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ బయటపడ్డాయి. ఆయన కనిపెట్టిన ఏటీపీని దోమ విరుస్తుందో లేదో ఆయన పద్ధతితోనే కొలుస్తున్నావు. రికార్డులో ఆయన పేరు పూర్తిగా రాయి తల్లీ.

ఎమ్మెస్సీ_గుంటూరు · ఐదో వారం, బుధవారం, సాయంత్రం 4:50

అయిపోయింది. ఏడీపీ వేసిన ఆడదోమ ట్యూబు కళ్ల ముందే లేత నీలం, తర్వాత ముదురు నీలం అయింది. మగదోమ ట్యూబు, గ్రంథి లేని ట్యూబు పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పలేకపోయాను. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే. మేడమ్ స్టాండుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశారు. "ఇప్పుడు ఇది దోమదే" అన్నారు. సుబ్బారావుగారి పేరు పూర్తిగా రాశాను మాస్టారూ.

ఆటోనగర్‌వి ఒక్కచోటి దోమలే కాబట్టి ఇంకో చోటి నుంచి కూడా ఒకసారి చేసి చూపించమన్నారు. గడువు ఇంకో రెండు వారాలు పొడిగించారు. విజయవాడలో ఎవరింట్లోనైనా తొట్టిలో చారల దోమ పురుగులు ఉంటే చెప్పగలరా?

సింగ్‌నగర్_అమ్మ · బుధవారం, సాయంత్రం 5:30

అమ్మా, ఈ చర్చ చదివాక భూతద్దం కొని మా బాబు, నేను డాబా మీద వెతికాం. కూలర్ ట్రేలో దొరికాయి. వరద తర్వాత ఇంట్లో తొట్లన్నీ కడుగుతూనే ఉన్నాను, అది మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. బాబు వాటి పైన వల కట్టి, నువ్వు వచ్చేదాకా పారబోయొద్దంటున్నాడు. కానీ రేపు సాయంత్రం దాకే ఉంచుతాను. ఎల్లుండి శుక్రవారం, డ్రై డే (నిల్వ నీళ్లు పారబోసి ఆరబెట్టే రోజు), పొద్దున్నే ట్రే కడిగేస్తాను. గుంటూరు నుంచి మధ్యాహ్నం బస్సుకి రా, భోజనం ఇక్కడే చేద్దువుగాని. సీసా వాడే పట్టుకుంటాడట.